హెచ్‌పీవీ నుంచి క్యాన్సర్ దాకా: మధ్యలో ఉన్న పదిహేనేళ్లు

అందరికీ నమస్కారం.

ఇవాళ ఒక వైరస్ గురించి, ఒక క్యాన్సర్ గురించి మాట్లాడుకుందాం. వైరస్ పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్. పొడుగ్గా ఉంది కాబట్టి హెచ్‌పీవీ అంటాం. క్యాన్సర్ ఏమో గర్భసంచి ముఖద్వారానికి వచ్చేది, సర్వైకల్ క్యాన్సర్. ఈ రెండింటికీ సంబంధం ఉందని మీలో చాలామంది వినే ఉంటారు. అంతగా వినిపించని సంగతి ఇంకొకటుంది. వైరస్ ఒంట్లో చేరిన రోజుకీ, క్యాన్సర్ తయారయ్యే రోజుకీ మధ్య మామూలుగా పదిహేను, ఇరవై ఏళ్లు గడుస్తాయి. ఇంత గడువిచ్చే క్యాన్సర్లు చాలా తక్కువ. అయినా 2022లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 6,60,000 మంది ఆడవాళ్లకి ఈ జబ్బు కొత్తగా బయటపడింది. దాదాపు 3,50,000 మంది చనిపోయారు. ఆ చావుల్లో నూటికి 94 పేద, మధ్యాదాయ దేశాల్లోనే జరిగాయి. పదిహేనేళ్లు చేతిలో ఉండి కూడా ఇంతమందిని ఎందుకు పోగొట్టుకుంటున్నాం? నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు వైరస్ సంగతి. హెచ్‌పీవీ అంటే ఒక్కటి కాదు, పెద్ద కుటుంబం. ఇప్పటికి 200కి పైగా రకాలు గుర్తించారు, ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇచ్చారు. చేతుల మీద, అరికాళ్లలో వచ్చే మామూలు పులిపిర్లకి వీటిలో కొన్ని రకాలే కారణం. మర్మాంగాల దగ్గర వచ్చే పులిపిర్లకి ఎక్కువగా 6, 11 నంబర్లు కారణం. అవి చిరాకు పెడతాయి గానీ క్యాన్సర్ తెచ్చే జాతి కాదు. క్యాన్సర్ తెచ్చే రకాలు ఓ పన్నెండు, పద్నాలుగు ఉన్నాయి. వాటిలోనూ 16, 18 అనే రెండు రకాల వల్లే సర్వైకల్ క్యాన్సర్లలో దాదాపు 70 శాతం వస్తున్నాయి. ఈ రెండు నంబర్లు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

ఇది ఒంటికి ఒళ్లు తగలడం వల్ల, ముఖ్యంగా లైంగిక కలయిక వల్ల సోకుతుంది. కండోమ్ వాడితే సోకే అవకాశం తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, ఎందుకంటే కండోమ్ కప్పని చోట చర్మం మీద కూడా వైరస్ ఉండొచ్చు. లైంగిక జీవితం మొదలైన ఆడవాళ్లకీ మగవాళ్లకీ, చాలామందికి, ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక రకం హెచ్‌పీవీ సోకుతుంది. "చాలామందికి" అన్న మాట కావాలనే నొక్కి చెప్తున్నాను. జీవితంలో ఒక్కరితోనే కాపురం చేసినవాళ్లకీ సోకుతుంది. జ్వరం రాదు, నొప్పి పుట్టదు, తెల్లబట్ట పెరగదు. వచ్చినట్టు తెలియదు, పోయినట్టూ తెలియదు. పదిమందికి సోకితే సుమారు తొమ్మిదిమందిలో రెండేళ్లలోపే శరీరం దాన్ని అణిచేస్తుంది, పరీక్ష చేసినా కనబడదు. మిగిలిన ఆ కొద్దిమంది గురించే మన బెంగంతా. వైరస్ సోకినంత మాత్రాన క్యాన్సర్ రాదు. ప్రమాదకరమైన రకం పోకుండా ఏళ్లతరబడి తిష్ఠ వేస్తేనే వస్తుంది.

ఎవరిలో అలా తిష్ఠ వేస్తుంది? అన్నిటికన్నా ముఖ్యం ఏ నంబరు అన్నది. 16వ రకం మహా మొండిది. తర్వాత రోగనిరోధక శక్తి. హెచ్‌ఐవీతో జీవిస్తున్న ఆడవాళ్లకి ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఆరు రెట్లు ఎక్కువ. వాళ్లకి హెచ్‌ఐవీ మందులు అందకపోతే పదిహేనేళ్ల గడువు కాస్తా ఐదు, పదేళ్లకి కుదించుకుపోతుంది. పొగతాగడం వల్లా ప్రమాదం పెరుగుతుంది.

ఇక ఈ వైరస్ గర్భసంచి ముఖద్వారాన్నే ఎందుకు ఎంచుకుంటుందో చూద్దాం. ముఖద్వారం అంటే గర్భసంచి కింది కొస, యోనిలోకి కాస్త పొడుచుకొచ్చి ఉండే భాగం. దాని బయటివైపు కణాలు పలచగా, బల్లపరుపుగా, పొరమీద పొరగా ఉంటాయి. లోపలి గొట్టంలో పొడవాటి కణాలు ఒకే వరసలో ఉంటాయి. ఈ రెండు రకాలూ కలిసే చోట ఒక సరిహద్దు ఉంది. ఆ సరిహద్దు ఒక చోట స్థిరంగా ఉండదు. ఆడపిల్ల ఈడుకొచ్చే వయసులో లోపలి ఒంటివరస కణాలు కొంత బయటికి వస్తాయి, యోనిలోని ఆమ్లం తగిలి మెల్లగా బల్లపరుపు కణాలుగా మారుతుంటాయి. ఇలా మారుతున్న ప్రాంతం ఉంగరంలా ముఖద్వారం చుట్టూ ఉంటుంది. ఈ క్యాన్సర్లలో అత్యధికం అక్కడే మొదలవుతాయి. ఈ వైరస్‌కి కావలసింది అడుగుపొర కణాలు, అంటే ఇంకా విభజన చెందుతూ ఉండే కణాలు. పొరలు దట్టంగా ఉన్నచోట అక్కడిదాకా చేరాలంటే గీత పడాలి. ఈ ఉంగరం దగ్గర ఆ కణాలు దాదాపు బయటే ఉంటాయి.

మనకి కలిసొచ్చే సంగతి కూడా ఇందులోనే ఉంది. కాలేయం లాగానో క్లోమం లాగానో ఇది కడుపులో ఎక్కడో దాగి ఉండే చోటు కాదు. నర్సు చేతికి అందుతుంది, కంటికి కనబడుతుంది. స్కాన్లూ అక్కర్లేదు, కోతా అక్కర్లేదు.

కణంలోకి దూరాక వైరస్ ఏం చేస్తుందో కాస్త వివరంగా చెప్తాను, ఓపిక పట్టండి. హెచ్‌పీవీ దగ్గర ఉన్న జన్యు సమాచారం చాలా కొంచెం, సుమారు 8,000 అక్షరాలు. మన కణంలో అలాంటి అక్షరాలు మూడు వందల కోట్లున్నాయి. అంత తక్కువ సరంజామాతో వచ్చిన వైరస్ సొంతంగా తన నకళ్లు తీసుకోలేదు, మన కణంలోని యంత్రాంగాన్నే వాడుకోవాలి. ఆ యంత్రాంగమేమో కణం విభజన చెందేటప్పుడే పనిచేస్తుంది. అందుకని వైరస్ రెండు ప్రోటీన్లు తయారు చేస్తుంది, వాటి పేర్లు ఈ6, ఈ7. మన కణంలో ఆర్‌బీ అనే ప్రోటీన్ ఉంది, "ఇక చాలు, విభజన ఆపు" అని చెప్పడం దాని పని. ఈ7 వెళ్లి దాన్ని పట్టేసుకుంటుంది. పీ53 అని మరొకటుంది, డీఎన్ఏ దెబ్బతిన్న కణాన్ని ఆపి బాగుచేయించడమో, బాగుపడదనుకుంటే చంపేయడమో దాని పని. ఈ6 దాన్ని నాశనం చేయిస్తుంది. అంటే ఆపేవాడూ లేడు, తప్పులు పట్టేవాడూ లేడు.

అయినా మామూలు ఇన్ఫెక్షన్‌లో ఇది హద్దు దాటదు. ఈ2 అని వైరస్‌దే ఇంకో ప్రోటీన్ ఉంది, అది ఈ6కీ ఈ7కీ కళ్లెం వేసి ఉంచుతుంది. ఇన్ఫెక్షన్ ఏళ్లతరబడి ఉండిపోయినప్పుడు కొన్నిసార్లు వైరస్ డీఎన్ఏ ముక్కయి మన క్రోమోజోములో అతుక్కుపోతుంది. తెగేది చాలాసార్లు ఆ ఈ2 ఉన్నచోటే. అక్కడితో కళ్లెం పోయినట్టే. కణం ఆగకుండా విభజన చెందుతూ, ప్రతి విభజనలో కొన్ని తప్పులు పోగేసుకుంటూ పోతుంది. తప్పు మీద తప్పు చేరి క్యాన్సర్ కావడానికి ఏళ్లు పడుతుంది. నేను ఇందాక చెప్పిన గడువు ఇదే. ఇందులో వైరస్‌కి ఒరిగేదీ ఏమీ లేదు. క్రోమోజోములో అలా అతుక్కుపోయాక అది కొత్త వైరస్‌లని పుట్టించలేదు. ఆ క్యాన్సర్ వల్ల వైరస్ ఇంకొకరికి చేరదు కూడా.

మరి మన రోగనిరోధక వ్యవస్థ ఇన్నేళ్లు ఏం చేస్తోంది? ఈ వైరస్ రక్తంలోకి రాదు, కణాన్ని పగలగొట్టదు, వాపు పుట్టించదు. పైపొర కణాలు సహజంగా రాలిపోయేటప్పుడు వాటితోపాటు బయటపడుతుంది. దొంగతనం జరిగినట్టు శరీరానికి సరిగ్గా కబురే అందదు. సహజంగా సోకినవాళ్లలో చాలామందికి యాంటీబాడీలు బలహీనంగానే తయారవుతాయి. టీకా దగ్గరికి వచ్చినప్పుడు ఈ మాట అక్కరకొస్తుంది.

ఈ6, ఈ7 నిజంగానే అంత పని చేస్తాయా అని మీకు అనుమానం రావచ్చు. దానికి నాకు తెలిసిన గట్టి రుజువు ఒక మనిషి కణాల్లో ఉంది. హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి అమెరికన్ మహిళ 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి సర్వైకల్ క్యాన్సర్‌తో వెళ్లింది. అదే ఏడు అక్టోబరులో చనిపోయింది. వయసు 31. ఆమె కణితి నుంచి తీసిన చిన్న ముక్కలోని కణాలు ప్రయోగశాలలో చావకుండా పెరుగుతూ పోయాయి. వాటికి హీలా కణాలని పేరు పెట్టారు. పోలియో టీకా పరీక్షల దగ్గర్నుంచి ఎన్నో పరిశోధనలు వాటి మీద జరిగాయి. కణాలు తీసుకుంటామని ఆమెని అడగలేదు, ఇంట్లోవాళ్లకీ ఏళ్లతరబడి తెలియదు. 1980లలో ఆ కణాల్లో హెచ్‌పీవీ 18 బయటపడింది. తర్వాత శాస్త్రవేత్తలు హీలా కణాల్లోకి ఈ2 ప్రోటీన్‌ని తిరిగి పంపి చూశారు. ఈ6, ఈ7 నోళ్లు మూతపడ్డాయి. అన్ని దశాబ్దాలుగా ఆగకుండా పెరుగుతున్న కణాలు విభజన ఆపేసి ముసలివైపోయాయి. ఆమె పోయి అప్పటికి దాదాపు యాభై ఏళ్లు. అంత కాలం తర్వాత కూడా ఆ క్యాన్సర్ వైరస్ తాలూకు రెండు జన్యువుల మీదే ఆధారపడి బతుకుతోందన్నమాట.

వైరస్‌కీ క్యాన్సర్‌కీ ముడి ఉందని కనిపెట్టిన కథ కూడా చెప్పాలి. 1842లో ఇటలీలో రిగోని స్టెర్న్ అనే వైద్యుడు వెరోనా నగరపు మరణాల లెక్కలు తిరగేసి, గర్భసంచి క్యాన్సర్ సన్యాసినుల్లో అరుదని, పెళ్లయిన ఆడవాళ్లలో ఎక్కువని రాశాడు. ఆ లెక్కల్లో ముఖద్వారం, గర్భసంచి అని వేరు చేయలేదు కాబట్టి వాటిని మరీ పిండకూడదు. అయినా కలయికతో వచ్చేదేదో ఉందన్న అనుమానానికి అక్కడ బీజం పడింది. 1970ల నాటికి అందరి వేళ్లూ హెర్పిస్ వైరస్ వైపు చూపించాయి. జర్మనీకి చెందిన హరాల్డ్ జుర్ హౌసెన్ ఒప్పుకోలేదు. కణితుల్లో హెర్పిస్ డీఎన్ఏ కోసం వెతికాను, దొరకలేదు, పులిపిర్ల వైరస్‌ని చూడాలి అన్నాడు. చాలామంది పట్టించుకోలేదు. ఆయన బృందం 1983లో హెచ్‌పీవీ 16ని, ఆ మరుసటేడు 18ని సర్వైకల్ క్యాన్సర్ కణితుల్లోంచి బయటికి తీసింది. 1999లో పలు దేశాల నుంచి తెచ్చిన కణితుల్ని పరీక్షిస్తే 99.7 శాతంలో హెచ్‌పీవీ దొరికింది. హెచ్‌పీవీతో సంబంధం లేని అరుదైన రకాలు కొన్ని ఉన్నాయని ఇప్పుడు తెలుసు. వాటిని కలుపుకున్నా ఈ క్యాన్సర్లలో 95 శాతం పైగా హెచ్‌పీవీ వల్లే. 2008లో జుర్ హౌసెన్‌కి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు గడువు గురించి. పదిహేను, ఇరవై ఏళ్లని ఇంత ధైర్యంగా ఎలా చెప్పగలుగుతున్నాం? దీని వెనక ఒక అన్యాయం ఉంది. అది చెప్పకుండా ముందుకెళ్లడం నాకిష్టం లేదు.

క్యాన్సర్‌కి ముందు దశలకి సీఐఎన్ 1, 2, 3 అని పేర్లు. ఒకటో దశ చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. మూడోది క్యాన్సర్‌కి గుమ్మం ముందు దశ. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో నేషనల్ విమెన్స్ హాస్పిటల్‌లో హెర్బర్ట్ గ్రీన్ అనే వైద్యుడు ఈ మూడో దశ క్యాన్సర్‌గా మారదని నమ్మాడు. ఆ నమ్మకాన్ని నిరూపించాలని 1966 నుంచి కొంతమంది ఆడవాళ్లకి పూర్తి చికిత్స చేయకుండా, ఊరికే చూస్తూ ఉండిపోయారు. మళ్లీ మళ్లీ రమ్మన్నారు, మళ్లీ మళ్లీ పరీక్షలు చేశారు. తమ మీద అధ్యయనం జరుగుతోందని ఆ ఆడవాళ్లకి తెలియదు. 1987లో ఇద్దరు మహిళలు, శాండ్రా కోనీ, ఫిలిడా బంకిల్, ఒక పత్రికలో రాసి ఈ సంగతి బయటపెట్టారు. జడ్జి సిల్వియా కార్ట్‌రైట్ విచారణ జరిపి 1988లో నివేదిక ఇచ్చారు. తర్వాత ఆ రికార్డులన్నీ తిరగేసి 2008లో ప్రచురించిన లెక్క ఇది: సరైన చికిత్స అందని సీఐఎన్ 3లో ముప్పై ఏళ్లలో 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. సరిగ్గా చికిత్స అందినవాళ్లలో 0.7 శాతం.

ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. 31, 0.7. ఒక చిన్న చికిత్సకి ఉన్న విలువ అది. క్యాన్సర్ రావడానికి ఎంత సమయం ఉంటుందో, ఆ సమయంలో చేయాల్సింది చేస్తే ఏమవుతుందో ఆ ఆడవాళ్ల బతుకుల వల్లే మనకి ఇంత స్పష్టంగా తెలిసింది. హెన్రియెట్టా లాక్స్‌కి ఎవరూ చెప్పలేదు, వాళ్లకీ ఎవరూ చెప్పలేదు. అందుకే నేను ఈ విషయాన్ని డొంకతిరుగుడు లేకుండా చెప్పాలనుకుంటాను.

సరే, పరీక్ష ఎలా ఉంటుంది? చాలామంది ఈ భయంతోనే రారు. మంచం మీద పడుకుని మోకాళ్లు మడుస్తారు. స్పెక్యులమ్ అనే పరికరంతో యోనిని కొద్దిగా తెరుస్తారు. ఒత్తిడిగా, అసౌకర్యంగా ఉంటుంది. గట్టి నొప్పి ఉంటే వెంటనే చెప్పండి, ఆపేస్తారు. పాప్ స్మియర్ అయితే ముఖద్వారం మీద చిన్న బ్రష్ తిప్పి కణాలు తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు. జార్జ్ పాపనికొలావ్ అనే గ్రీకు వైద్యుడి పేరు మీద వచ్చిన పరీక్ష ఇది. 1940ల నుంచి ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది.

ల్యాబు లేనిచోట ఇంకో పద్ధతి ఉంది. 3 నుంచి 5 శాతం అసిటిక్ ఆసిడ్, అంటే వెనిగర్‌లో ఉండేదే, దూదితో ముఖద్వారం మీద అద్దుతారు. ఒక నిమిషం ఆగుతారు. ఆరోగ్యంగా ఉన్న భాగం గులాబీ రంగులోనే ఉంటుంది. కణాలు మారిపోయిన చోట, ఇందాక చెప్పిన ఉంగరం దగ్గర, అంచులు తీరిన దట్టమైన తెల్లమచ్చ తేలుతుంది. మంచి లైటు, శిక్షణ ఉన్న నర్సు ఉంటే చాలు, ఫలితం అక్కడికక్కడే చెప్పొచ్చు. దీని బలహీనత ఏమిటంటే చూసే కంటిని బట్టి ఫలితం మారిపోతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా నమ్మదగింది హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్నే మొదటి ఎంపికగా సూచించింది. 30 ఏళ్ల వయసు నుంచి ఐదేళ్లకో పదేళ్లకో ఒకసారి చాలు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 25 నుంచి, మూడు నుంచి ఐదేళ్లకోసారి. 30 కంటే ముందు ఎందుకు వద్దంటారంటే, ఆ వయసులో ఇన్ఫెక్షన్ చాలామందికి ఉంటుంది, దానంతటదే పోతుంది కూడా. అప్పుడు పరీక్ష చేస్తే ఊరికే టెన్షన్, అక్కర్లేని చికిత్స. ఈ పరీక్షకి ఇంకో సుగుణం ఉంది, శాంపిల్ ఎవరికి వాళ్లే తీసుకోవచ్చు. పుల్లకి దూది చుట్టినట్టుండే స్వాబ్‌ని యోనిలోకి కాస్త లోపలికి పెట్టి, కొన్నిసార్లు తిప్పి, తీసి, గొట్టంలో పెట్టి ఇచ్చేయడమే. తలుపేసుకుని రెండు నిమిషాల్లో అయిపోతుంది. డాక్టర్ ముందు బట్ట తీయడానికి మనసొప్పక ఇన్నేళ్లు రానివాళ్లకి ఇది నిజంగా పెద్ద ఉపకారం అని నా నమ్మకం.

పాజిటివ్ వస్తే? క్యాన్సర్ ఉన్నట్టు కాదు. వైరస్ ప్రస్తుతం ఉంది, లోపల మార్పులేమైనా వచ్చాయేమో చూడాలి, అంతే. కోల్పోస్కోపీ చేసి, అంటే ముఖద్వారాన్ని పెద్దదిగా చూపించే పరికరంతో చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. కొన్నిచోట్ల నేరుగా చికిత్స చేస్తారు. మారిన భాగాన్ని వేడితో కాల్చడమో, చల్లదనంతో గడ్డకట్టించడమో, కరెంటు తీగ చుట్టతో తీసేయడమో చేస్తారు. చాలామంది అదే రోజు నడిచి ఇంటికెళ్తారు. గర్భసంచి ఎక్కడికీ పోదు, తర్వాత పిల్లల్ని కనొచ్చు.

అయితే నేను చూసినంతలో పాజిటివ్ అన్న కాగితం చేతికొచ్చినప్పుడు ముందు వచ్చే ప్రశ్న క్యాన్సర్ గురించి కాదు. "ఎవరి నుంచి వచ్చింది డాక్టర్‌గారూ?" భర్త బయట కూర్చుని ఉంటాడు. ఆమె గొంతు తగ్గించి అడుగుతుంది. కొన్నిసార్లు ఆయనే లోపలికొచ్చి, ఆమె వైపు చూడకుండా, అదే ప్రశ్న నన్ను అడుగుతాడు. జవాబు ఇద్దరికీ ఒకటే. ఏ పరీక్షా అది చెప్పలేదు. ఈ వైరస్ ఏళ్లతరబడి పరీక్షకి కూడా అందకుండా అణగి ఉండి మళ్లీ కనబడవచ్చు. ఇవాళ వచ్చిన పాజిటివ్ నిన్నటి ఇన్ఫెక్షన్ కావచ్చు, ఇరవై ఏళ్ల కిందటిది కావచ్చు. దీన్ని పట్టుకుని ఎవరి శీలాన్నీ తూచలేం. ఇంట్లో గొడవ అవుతుందని కాగితం చింపేసి, మళ్లీ రావడం మానేసినవాళ్లున్నారు. గడువు ఇలా కూడా కరిగిపోతుంది. ఈ పరీక్షలు చేసే ప్రతి ఒక్కరూ, ఫలితం ఇవ్వడానికి ముందే, శాంపిల్ తీసేటప్పుడే ఈ మాట చెప్పితీరాలి. ఫలితం వచ్చాక చెప్తే సగం మంది చెవికెక్కదు.

ఇక టీకా. వైరస్ పైతొడుగు ఎల్1 అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. ఆ ప్రోటీన్‌ని విడిగా తయారుచేస్తే దానంతటదే అతుక్కుని, అచ్చం వైరస్‌లా కనబడే గుల్లగా మారుతుంది. లోపల డీఎన్ఏ ఉండదు. అందుకని అది ఎవరికీ ఇన్ఫెక్షన్ తేలేదు, క్యాన్సర్ తేలేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ ఫ్రేజర్, జియాన్ జౌ 1991లో ఈ గుల్లల్ని తయారుచేసి చూపించారు. జియాన్ జౌ 1999లోనే చనిపోయాడు, టీకా బయటికి రావడం చూడలేదు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో డగ్లస్ లోవీ, జాన్ షిల్లర్‌ల కృషి కూడా ఇందులో ఉంది. మొదటి టీకాకి 2006లో అనుమతి వచ్చింది. 2014లో వచ్చిన టీకా తొమ్మిది రకాల మీద పనిచేస్తుంది. గుల్లని చూసి శరీరం తయారుచేసే యాంటీబాడీలు సహజ ఇన్ఫెక్షన్‌తో వచ్చేవాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. "ఎలాగూ అందరికీ వచ్చి పోయేదే కదా, టీకా ఎందుకు" అనేవాళ్లకి జవాబు ఇదే.

ఇది రాకుండా ఆపే టీకా, ఉన్నదాన్ని పోగొట్టేది కాదు. అందుకే 9 నుంచి 14 ఏళ్ల లోపు, లైంగిక జీవితం మొదలుకాక ముందే వేయమంటారు. చిన్నపిల్లకి ఇప్పుడే ఎందుకని తల్లులు ఇబ్బంది పడతారు, అది నాకు అర్థమవుతుంది. కానీ ఆలస్యమైతే ఏమవుతుందో స్వీడన్ లెక్కలు చెప్తున్నాయి. దాదాపు 17 లక్షల మంది అమ్మాయిల్ని, యువతుల్ని గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనం అది. 17 ఏళ్లలోపు టీకా వేయించుకున్నవాళ్లలో క్యాన్సర్ 88 శాతం తగ్గింది. తర్వాత వేయించుకున్నవాళ్లలో కూడా తగ్గింది గానీ అంత కాదు. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్లకే డోసులన్నీ పూర్తి చేసుకున్న అమ్మాయిల్లో ఒక్క సర్వైకల్ క్యాన్సర్ కేసు కూడా లేదని 2024లో తేలింది. ఈ వృత్తిలో ఉన్నదాన్ని, అది చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

డోసుల విషయంలో కూడా మంచి మార్పు వచ్చింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 20 ఏళ్లలోపువాళ్లకి ఒకటి లేదా రెండు డోసులు చాలని చెప్పింది. 21 దాటితే రెండు డోసులు, మధ్యలో ఆరు నెలలు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి కనీసం రెండు, వీలైతే మూడు.

భయాల సంగతి కూడా మాట్లాడాలి. జపాన్‌లో 2013లో కొంతమంది అమ్మాయిలకి టీకా తర్వాత నొప్పులు, కదలికల్లో తేడాలు వచ్చాయని టీవీల్లో విస్తృతంగా చూపించారు. ప్రభుత్వం టీకాని సిఫారసు చేయడం ఆపేసింది. 70 శాతం దాకా ఉన్న టీకా రేటు ఒక శాతం కిందికి పడిపోయింది. నగోయా నగరంలో దాదాపు 30,000 మంది యువతుల్ని అడిగి చూస్తే, టీకా వేయించుకున్నవాళ్లలో, వేయించుకోనివాళ్లలో ఆ లక్షణాలు ఒకేలా ఉన్నాయని తేలింది. ప్రభుత్వం మళ్లీ సిఫారసు మొదలుపెట్టింది 2022లో. ఆ తొమ్మిదేళ్లలో ఈడు దాటిపోయిన పిల్లలున్నారు. టీకా వల్ల నిజంగా వచ్చేవేమిటంటే, చేయి నొప్పి, కొంచెం జ్వరం, కొందరికి కళ్లు తిరిగి పడిపోవడం. అందుకే వేశాక పదిహేను నిమిషాలు కూర్చోబెడతారు.

ఒకవేళ గడువు దాటిపోతే ఎలా ఉంటుంది అన్నది కూడా తెలియాలి. కలయిక తర్వాత రక్తం కనబడటం, నెలసరికీ నెలసరికీ మధ్య రక్తం, ముట్లుడిగాక మళ్లీ రక్తం, వాసనతో కూడిన తెల్లబట్ట. ఇవి కనబడితే టీకా వేయించుకున్నారా, పోయినేడు పరీక్ష చేయించుకున్నారా అన్నది పక్కన పెట్టి వెంటనే చూపించుకోండి. క్యాన్సరే అని తేలినా తొలి దశలో ఆపరేషన్‌తో, ముదిరితే రేడియేషన్, కీమోలతో నయమయ్యేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆశ వదులుకునే జబ్బు కాదు.

చీటీలు చాలా వచ్చాయి, కొన్ని చదువుతాను.

"టీకా వేయించుకుంటే ఇక పరీక్షలు అక్కర్లేదా?" కావాలమ్మా. టీకా అన్ని రకాల మీదా పనిచేయదు. పైగా పెద్దయ్యాక వేయించుకుని ఉంటే అప్పటికే ఏదైనా సోకి ఉండొచ్చు.

"మగపిల్లలకి కూడా వేయించాలా?" హెచ్‌పీవీ వల్ల గొంతులో, మలద్వారంలో, పురుషాంగంలో కూడా క్యాన్సర్లు వస్తాయి. ఆస్ట్రేలియా 2013 నుంచి అబ్బాయిలకీ ఇస్తోంది. టీకాలు కొరతగా ఉంటే ముందు ఆడపిల్లలకి, సరిపడా ఉంటే ఇద్దరికీ. నా అభిప్రాయం అది.

"హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చింది, గర్భసంచి తీయించేసుకుంటే గొడవ వదిలిపోతుంది కదా?" వద్దు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను. వైరస్ ఉందని గర్భసంచి తీయరు. ముందు దశ మార్పులకి కూడా చాలావరకు నేను చెప్పిన చిన్న చికిత్సలే సరిపోతాయి. ఎవరైనా తీసేయాలంటే బయాప్సీ రిపోర్టు అడగండి, ఇంకో డాక్టర్‌ని కలవండి. వేరే కారణాలతో ఇప్పటికే తీయించుకున్నవాళ్లు, ముఖద్వారం కూడా తీశారా లేదా అని ఆపరేషన్ కాగితాల్లో చూసుకోండి. అది మిగిలి ఉంటే పరీక్ష కావాలి.

ఆఖరిది. "నాకు 58 ఏళ్లు, ముట్లుడిగి ఎనిమిదేళ్లయింది. ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదు. ఇప్పుడు అవసరమా?" అవసరమే. క్రమం తప్పకుండా చేయించుకుని వరసగా రెండుసార్లు నెగటివ్ వచ్చినవాళ్లు 50 దాటాక ఆపేయొచ్చు. మీరు ఒక్కసారి కూడా చేయించుకోలేదు కాబట్టి ఆ లెక్క మీకు వర్తించదు. ఇంకో మాట. ముట్లుడిగాక ఇందాక చెప్పిన ఆ ఉంగరం లోపలి గొట్టంలోకి జరిగిపోతుంది, అందుకని వెనిగర్ పరీక్షలో సరిగ్గా కనబడదు. మీరు హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్షే అడగండి. శాంపిల్ మీరే తీసుకుంటానని చెప్పొచ్చు.